సెఫెరీనా గుద్దు

సెఫెరీనా సిమారా గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని మా జట్టులో మూడు రోజులు పంచాయితీ నడిచింది. నాకు చదువొచ్చు, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, ఆవిడ పక్కన ముప్పై ఏళ్ళు తల మీద మిఠాయి బేసిను మోశాను. ఇంతకంటే ఏం కావాలో నాకైతే తెలియదు. చివరికి సెఫెరీనాకే విసుగొచ్చి, రాయనివ్వండర్రా, ఆపితే నికానోరా ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది అందట. అదే నాకు దొరికిన అనుమతి.

మా పలెంకేలో, అంటే తప్పించుకున్న నల్ల బానిసలు కట్టుకున్న మా ఊళ్ళో, ఎవరైనా ఏదో ఒక జట్టులో ఉండాల్సిందే. కువాగ్రో అంటాం. ఒకే ఈడు పిల్లలు, ఒకే వైపు వీధుల వాళ్ళు పదేళ్ళు రాకముందే ఒక గుంపవుతారు. ఇక చచ్చేదాకా విడిపోరు. పెళ్ళయితే జట్టు వండుతుంది, పోతే జట్టు మోస్తుంది. ఒకరు చేసింది అందరూ చేసినట్టే, ఒకరికి తగిలింది అందరికీ తగిలినట్టే. చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఎగువ వీధి జట్టుతో మాకు గుద్దులాట ఉండేది. ఆడా మగా తేడా లేదు. నా ముందు పన్ను ఒకటి ఇప్పటికీ ఎగువ వీధిలోనే ఎక్కడో ఉంది.

సెఫెరీనా మనిషి తలుపంత ఉంటుంది. నవ్వితే పక్క వీధిలో కోళ్ళు లేస్తాయి. ఇద్దరు మొగుళ్ళు. మొదటివాడు వెనెజువెలా వెళ్ళి తిరిగి రాలేదు, రెండోవాడు పొమ్మన్నా పోలేదు. నలుగురు పిల్లలు, తొమ్మిదిమంది మనవలు. వయసు అడిగితే అడిగిన రోజును బట్టి చెబుతుంది. నిజం చెప్పాలంటే ఆవిడ చేసే కొకాదాలు అంతంత మాత్రమే. కొబ్బరి ముదురుది వేస్తుంది, బెల్లం పాకం ఒక నిమిషం ఎక్కువ ఉంచుతుంది, పంటికి అతుక్కుపోతాయి. అయినా కార్తహేనా బజారులో మా అందరికంటే ముందు ఆవిడ బేసినే ఖాళీ అయ్యేది. మనుషులు మిఠాయి కోసం కాదు, సెఫెరీనాని చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆ గుద్దు గుద్దిన మనిషి ఈవిడే అని పిల్లలకి వేలెత్తి చూపించి, పనిలో పనిగా రెండు కొనుక్కునేవాళ్ళు.

ఆ గుద్దు కథ మా వైపు తెలియనివాళ్ళు లేరు. ముప్పై మూడేళ్ళ కిందటి మాట. కార్తహేనాలో సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటలు ఉండేది. దాని మెట్ల పక్క నీడలో మేం ముగ్గురం బేసిన్లు దింపుకుని కూర్చునేవాళ్ళం. ఆ హోటలు కాపలావాడికి మేమంటే పడేది కాదు. ఒకరోజు వాడు సెఫెరీనా బేసిన్ని కాలితో తన్నాడు. కొకాదాలు వీధి పాలయ్యాయి. సెఫెరీనా లేచి ఒకే ఒక్క గుద్దు గుద్దింది. వాడు మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు, టోపీ ఒక వైపు, లాఠీ ఒక వైపు. పదకొండు రోజులు ఆవిడని లాకప్పులో ఉంచారు. ఆ పదకొండు రోజులూ జట్టు ఆవిడ పిల్లలకి వండిపెట్టింది, ఆవిడ బేసినూ మోసింది. విడుదలైన రోజు బస్సు దిగితే ఊరంతా తప్పెట్లతో వెళ్ళి తీసుకొచ్చింది. ఆ తరువాత పాట కట్టారు, పిల్లలు ఆట కట్టారు. బడిలో గోడ మీద బొమ్మ కూడా వేశారు. బొమ్మలో చెయ్యి కొంచెం పొట్టిగా వచ్చిందని సెఫెరీనాకి ఎప్పుడూ ఫిర్యాదు ఉండేది.

ఈ కథ ఎవరి నోటి ద్వారా వెళ్ళిందో, బొగొతాలో అన్సెల్మో అనే సినిమా దర్శకుడి చెవిన పడింది. అతను ఒక వ్యానులో ఎనిమిదిమందిని, ఇరవై పెట్టెల్ని వేసుకుని దిగాడు. బక్కగా, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. ఎండకి ముక్కు తోలు ఊడుతుంటే మా అరుగుల మీద కూర్చుని, అమ్మా మీ కథ ప్రపంచానికి చెప్పాలి అన్నాడు. సెఫెరీనా మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండదు. మా గురించి తీసిన సినిమాలు నేను చూడలేదా. ఎప్పుడు చూసినా మేం ఒకరి వెనక విసనకర్ర పట్టుకుని నిలబడతాం, లేకపోతే గిన్నెలు కడుగుతూ ఏడుస్తాం, అదీ కాకపోతే డోలు కొట్టి నాట్యం చేస్తాం. మూడింటి మధ్యలో అన్నం కూడా తినం. అందుకని జట్టు సమావేశంలో నేనే ముందు లేచాను. మన కథ మనమే చెప్పుకోవాలి, బొగొతా బాబు చెప్పేదేమిటి, సొమ్మొకడిది సోకొకడిదా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. దొమింగా తప్ప. ఆవిడ అప్పుడు కందదుంపలు చెక్కు తీస్తోంది, చేతులు ఖాళీ లేవేమో అనుకున్నాను.

అన్సెల్మో తెలివైనవాడు, చప్పట్లకి బెదరలేదు. సెఫెరీనా వేషం వెయ్యడానికి యాదీరా అనే అమ్మాయిని పిలిపించాడు. కాలీ నగరం పిల్ల, మా రంగే, మా జుట్టే. ఇప్పుడేమంటారు అన్నట్టు నా వైపు చూశాడు. పిల్ల మంచిదే. వచ్చిన గంటలో అందరినీ అత్తా, అత్తా అని పిలవడం మొదలెట్టింది. కాని తల మీద చుట్టకుదురు పెట్టి బేసిను ఎక్కిస్తే నాలుగు అడుగులకి కొకాదాలన్నీ నా పాదాల మీద పడ్డాయి. రంగు ఒకటైతే మెడ ఒకటవుతుందా అని నేను గొణిగితే, నీ మెడ రెండు వారాల్లో నాకివ్వు అత్తా అని నన్నే పట్టుకుంది. ఇచ్చాను. ఏం చేస్తాను, పిల్ల ముఖం చూస్తే కాదనలేకపోయాను.

ఇంతవరకూ చెప్పింది ఊరందరికీ తెలిసిన కథ. ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికే ఈ కాగితాలు పట్టుకున్నాను.

ఆ గుద్దు సెఫెరీనాది కాదు. దొమింగాది.

దొమింగా మా జట్టులో అందరికంటే చిన్న మనిషి. ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంటుంది. ఆ రోజు హోటలు మెట్ల దగ్గర ఉన్న ముగ్గురిలో ఆవిడా ఉంది, అప్పుడు ఆరో నెల. నేను వెనక్కి తిరిగి చిల్లర ఇస్తున్నాను. చప్పుడు విని తిరిగేసరికి కాపలావాడు నేల మీద ఉన్నాడు, సెఫెరీనా బేసిను బోర్లా పడి ఉంది, దొమింగా పిడికిలి ఇంకా గాలిలోనే ఉంది. వాడు లేచి ఎవర్తె కొట్టిందని అరిచాడు. వాడి కళ్ళకి మేం ముగ్గురం ఒకటే. సెఫెరీనా ఒక అడుగు ముందుకేసి నేనే అంది. అంత మనిషిని చూసి వాడు వెంటనే నమ్మేశాడు. కడుపుతో ఉన్నదాన్ని లాకప్పుకి ఎవరు పంపుతారు. జట్టు అన్నాక అదే చెయ్యాలి, అదే చేశాం.

తరువాత తప్పెట్లు, పాట, గోడ మీద బొమ్మ. మొదట్లో మాలో మేం నవ్వుకునేవాళ్ళం. తరువాత నవ్వడం మానేశాం. తరువాత సెఫెరీనా ఆ గుద్దు ఎలా గుద్దిందో నేనే కళ్ళారా చూసినట్టు జనానికి చెప్పడం మొదలెట్టాను, అదీ చేతులు ఊపుతూ. ఎవరు గుద్దినా జట్టు గుద్దినట్టే కదా. దొమింగా ఎప్పుడూ కాదనలేదు. మేమూ ఎప్పుడూ అడగలేదు.

సినిమా వాళ్ళకి వండిపెట్టే పని దొమింగాకి వచ్చింది. చేప పులుసు, కొబ్బరన్నం ఆవిడ చేతిలో అమృతం. గుద్దు సన్నివేశం తీసే రోజు పొద్దున, సంత మైదానంలో చెక్కలతో హోటలు మెట్లు కట్టారు. ఒక పక్క పొయ్యి మీద దొమింగా పులుసు ఉడుకుతోంది. మేమంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నాం. సన్నివేశం అవగానే సెఫెరీనాని కూర్చోబెట్టి, ఆ గుద్దు గుద్దింది నేనే అని కెమెరాకి చెప్పించాలని అన్సెల్మో ఏర్పాటు. దానికోసం సెఫెరీనా పసుపు గౌను కుట్టించుకుంది. కాని ఆ పొద్దున కాఫీ తాగలేదు, నవ్వలేదు. నా చెవిలో, ఒసే నికా, నోటితో అబద్ధమాడితే గాలికి పోతుంది, ఈ కెమెరాలో పడితే నేను పోయాక కూడా ఆడుతూనే ఉంటుంది కదే అంది. ఇప్పుడు ఇలాంటివి ఆలోచిస్తే ఎలా అని కసిరాను. నిజం చెబితే సినిమా ఏమవుతుంది, మనవల ముందు నీ పరువేమవుతుంది అన్నాను. ఆవిడ దొమింగా వైపు చూసింది. దొమింగా పులుసు వైపు చూస్తోంది.

సన్నివేశం మొదలైంది. గుద్దుకి ముందు యాదీరా మెట్ల దగ్గర నిలబడి సరుకు కేక వెయ్యాలి. స్పానిషులో కాదు, మా ఊరి సొంత మాటలో వెయ్యాలని అన్సెల్మో పట్టుబట్టాడు. మా అమ్మమ్మల కేక అది, కొబ్బరీ బెల్లమూ సోంపూ అన్నీ దాంట్లో రాగం కట్టి ఉంటాయి. యాదీరా రెండు వారాలు నేర్చుకుంది. అయినా కెమెరా ముందు నాలుక తడబడింది. లైట్లు పట్టుకున్న కుర్రాళ్ళు చిన్నగా నవ్వారు, చెడ్డ నవ్వేం కాదు. మళ్ళీ ఒకసారి అమ్మా అన్నాడు అన్సెల్మో. పిల్ల మళ్ళీ వేసింది, మళ్ళీ తప్పింది. ఈసారి నవ్వు కొంచెం పెరిగింది, నిజానికి మేమూ నవ్వాం. పిల్ల ముఖం వాడిపోయింది. ఇంకొక్కసారి, ఇంకొంచెం హుషారుగా అన్నాడతను.

దొమింగా గరిటె కింద పెట్టింది. పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ కెమెరా ముందు నుంచే నడిచి వెళ్ళి, యాదీరా చెయ్యి పట్టుకుని మెట్ల మీద నుంచి కిందకి దింపేసింది.

"ఈ పిల్లని మూడోసారి అడక్కు బాబూ," అంది.

ఆవిడ గొంతు విని సగంమంది అది ఎవరి గొంతో అని వెతుక్కున్నారు. అన్సెల్మో కంగారుగా, ఏమైందమ్మా, తప్పేమైనా చేశానా, సినిమా అంటే ఇంతే, పదిసార్లు చేయిస్తాం అన్నాడు.  దొమింగా పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అప్పుడు నా పక్క కుర్చీ కిర్రుమంది. సెఫెరీనా లేచి నిలబడింది.

"బాబూ, నీ కెమెరా ఆపుకో. వాణ్ణి గుద్దింది నేను కాదు, ఆవిడ. ఆవిడ గుద్దు మీద ముప్పై మూడేళ్ళు బతికాను. ఇంక నావల్ల కాదు."

ఎవరో కెవ్వుమన్నారు. సెఫెరీనా పెద్ద మనవడు గబుక్కున తల దించుకున్నాడు. సెఫెరీనా వాడి వైపే చూస్తూ నిలబడింది, కూర్చోలేదు.  ఆ క్షణంలో ఆవిడంటే నాకెంత ఇష్టమో నాకే తెలిసొచ్చింది.

అన్సెల్మో కళ్ళు మాత్రం మెరిశాయి. ఇంకా మంచి కథ దొరికిందని ముఖంలో కనపడిపోయింది. కెమెరా ఇటు తిప్పండి అన్నాడు, దొమింగా గారూ మీరే చెప్పండి, మీ మాటల్లోనే చెప్పండి అన్నాడు. నేనూ ఊరుకోలేదు. చెప్పవే దొమింగా, మన కథ మనమే చెప్పుకోవాలి కదే అని గట్టిగా అన్నాను. అప్పుడు దొమింగా అతని వైపు కాదు, నా వైపు తిరిగింది.

"మన కథా? నేను వాణ్ణి ఎందుకు కొట్టానో నీకు తెలుసా నికా?"

బేసిను తన్నాడు కదా అన్నాను.

"బేసిను వాడు పడ్డప్పుడు కాలు తగిలి పడింది. నువ్వు వెనక్కి తిరిగి ఉన్నావు. సెఫెరీనా కునుకు తీస్తోంది. ముప్పై మూడేళ్ళలో జట్టులో ఇరవై రెండుమంది ఉండి ఒక్కరైనా నన్ను అడిగారా, ఎందుకు కొట్టావే అని?"

 నా నోరు మూయించిన మనిషి ఈ ఊళ్ళో లేదు. ఆ రోజు మూతపడింది.

దొమింగా అక్కడే మెట్ల మీద కూర్చుని చెప్పింది. వరండాలో అతిథులు కూర్చుని ఉన్నారట. కాపలావాడు ఆవిడని పిలిచి, ఏదీ ఆ మీ కోతుల మాటలో కేక వెయ్యి, దొరలు వింటారు అన్నాడట. సరుకు కొంటారేమో అని వేసింది. వాళ్ళు నవ్వారు. మళ్ళీ వెయ్యి అన్నాడు. వేసింది. ఇంకా నవ్వారు. ఇంకొక్కసారి, ఈసారి పొట్ట ఊపుతూ వెయ్యి అని లాఠీ కొసతో కడుపు మీద పొడిచాడట. అప్పుడు కొట్టింది. దొరల ముందు కడుపుతో ఉన్నదాని చేతిలో పడ్డానని ఒప్పుకోలేకే, ఎవర్తె కొట్టిందని అరిచి సెఫెరీనా మాట పట్టుకున్నాడట వాడు. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం, కాని ఆ చెలగాటం మా పక్కనే, మూడు బారల దూరంలో జరుగుతుంటే నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.

"ఆ రోజు నుంచి నేను కేక వెయ్యలేదు," అంది దొమింగా. "మీరెవరూ గమనించలేదు. నోరు మూసుకుని అమ్ముకున్నాను. కడుపులో ఉన్నవాడికి మన మాట నేర్పలేదు, ఒక్క ముక్క కూడా. వాణ్ణి చూసి ఎవడూ నవ్వకూడదనుకున్నాను. మీరు గుద్దుకి పాట కట్టుకున్నారు, నేను వాడి నోరు కట్టేశాను."

అప్పుడు మాకు తట్టింది. దొమింగా కొడుకు లియోనిదాస్ మా మాట మాట్లాడడు. బడిలో లెక్కలు చెబుతాడు, అంతా స్పానిషే. చదువుకున్నవాడు కదా, పొగరు అని వాణ్ణి మేం ఆడిపోసుకున్నాం. అందరికంటే ఎక్కువ ఆడిపోసుకున్నది నేను. ఆ ఎండలో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

సెఫెరీనా వెళ్ళి దొమింగా పక్కన మెట్టు మీద కూర్చుంది. పసుపు గౌనుకి మట్టి అంటింది. నన్ను క్షమించవే అంటే, లాకప్పులో నువ్వు పదకొండు రోజులు తిన్న పురుగుల అన్నానికి చెల్లు, జరుగు, చోటు లేదు అంది దొమింగా. ఇద్దరూ ఏడ్చారు. జట్టు మొత్తం ఏడ్చింది. మధ్యలో పులుసు మాడింది.

అన్సెల్మో కెమెరా ఆన్ చెయ్యలేదు. అతని గురించి ఈ మంచి మాట నేను రాయక తప్పదు. నేల మీద కూర్చుని, దీన్ని నేనెలా తియ్యాలమ్మా అని అడిగాడు. తియ్యనా వద్దా అని కాదు, ఎలా అని. దొమింగా ఆలోచించింది. ఆ పిల్లతో నా వేషం వేయించకు అంది. మా వాళ్ళు చెప్పేదీ వద్దు, వీళ్ళకి అలవాటైపోయింది, చేతులు ఊపుతారు అంది. నేనే చెబుతాను, ఒక్కసారే చెబుతాను, బాగాలేదని మళ్ళీ అడగకూడదు అంది.

మర్నాడు ఒక్కసారే చెప్పింది. మధ్యలో ఎవడిదో మోటారు సైకిలు పెద్ద చప్పుడుతో పోయింది. శబ్దం పట్టే కుర్రాడు నెత్తి పట్టుకున్నాడు. అన్సెల్మో నోరు తెరవబోయాడు, సెఫెరీనా అతని వైపు ఒక్క చూపు చూసింది, మూసుకున్నాడు. చివర్లో దొమింగా లేచి నిలబడి, తల మీద ఏమీ లేకుండానే, ఆ కేక వేసింది. ముప్పై మూడేళ్ళ తరువాత గొంతు బొంగురుపోయింది. అయినా ఒక్క అక్షరం తప్పలేదు.

అన్సెల్మో అనుకున్న పెద్ద సినిమా కాలేదు. నలభై నిమిషాల చిన్న సినిమా అయింది. యాదీరా అందులో వేషం లేకుండానే ఉంది, దొమింగా పక్కన కూర్చుని కందదుంప చెక్కు తీస్తూ వింటుంది. మెడ మాత్రం నాదగ్గర నేర్చుకున్నదే, చక్కగా నిలబెట్టింది. గోడ మీద బొమ్మ చెరిపెయ్యమని సెఫెరీనా బడికి వెళ్ళి గొడవ చేసింది. పెద్ద మనవడు ఆ రోజు నుంచీ ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. సినిమా చూశాక మాట్లాడాడు. పిల్లలు గుద్దు చూపించమని వస్తే, దొమింగా ఇంటికి పొండి, కాని ముందు కూర్చోండి, అడగ్గానే చూపించదు ఆవిడ, అంటోంది ఇప్పుడు.

సినిమా మొదట మా ఊళ్ళోనే వేశారు, చర్చి ముందు తెల్ల గుడ్డ కట్టి, పొద్దుగూకగానే. జట్టంతా ముందు వరసలో కూర్చున్నాం. దొమింగా కేక వెయ్యగానే తెర ఆగిపోయింది, సినిమా అక్కడితో అయిపోతుంది. ఎవరూ లేవలేదు. లియోనిదాస్ తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు, జుట్టు అప్పుడే నెరిసింది. తల్లి చెవి దగ్గరికి వంగి, అమ్మా, అదేమిటి, దానికి అర్థమేమిటి అని స్పానిషులో అడిగాడు.

ఆవిడ చెప్పింది. ముక్క ముక్కగా, కొబ్బరికి ఈ మాట, బెల్లానికి ఈ మాట అని. వాడు అందరి ముందూ గట్టిగా ఆ కేక పలికాడు, మొదటి నుంచి చివరిదాకా తప్పుగా. మేమెవ్వరం నవ్వలేదు.